ఎవరు పిలిచిన నెత్తురు

విజయనగరం,
12 జూన్ 1967

తాయారూ,

నెత్తురు ఎవరు పిలిస్తే వస్తుంది? ఈ ప్రశ్న చదువుకునే రోజుల నుంచీ నా వెంట తిరుగుతోంది. ఒకసారి క్లాసులో అడిగాను. "గుండె తోస్తే వస్తుందమ్మా" అన్నారు మా మేష్టారు. అందరూ నవ్వారు. నేనడిగింది అది కాదు. ఒంట్లో నిన్నటిదాకా లేని గడ్డ ఒకటి పుడుతుంది. దాని చుట్టూ నిన్నటిదాకా లేని నెత్తురు దారులు పుట్టుకొస్తాయి. కబురు పెట్టిందెవరు? గడ్డ ముందు పెరిగి వాటిని పిలిచిందా, లేక నెత్తురు ఎక్కువైన చోటు చూసుకుని గడ్డ అక్కడ కూర్చుందా? ఇన్నేళ్లు చూశాను. ఒకరోజు ఇది అనిపిస్తుంది, ఒకరోజు అది.

"వదినా, పొద్దస్తమానం ఆ గొట్టంలో ఏటి సూస్తావు" అని నా మైక్రోస్కోపు గురించి అడిగావు కనుక ఇదంతా రాస్తున్నాను. మా సర్జన్ నరసింగరావు గారు కేన్సరున్న రొమ్ము తీసేస్తే అది వేడి తగ్గకముందే నా బల్ల మీదికి వస్తుంది. నెత్తురు లోపలికి వెళ్లే నాళం మూతి వెతికి పట్టుకుని, సన్నని గాజు గొట్టం కట్టి, నల్ల సిరా కలిపిన గోరువెచ్చని జెలటిన్ మెల్లగా తోస్తాను. అంచుల దాకా నలుపు పాకాక ఐసులో పెడితే గడ్డకడుతుంది. ఐసు చేపల గురమ్మ దగ్గర తీసుకుంటాను. "ఏటమ్మా డాట్రమ్మా, సేపొద్దంటావు, ఐసు మట్టుకు కావాలంటావు. నా సేపలు కుళ్లిపోతే నీ కాడ మందున్నాదేటి" అంటుంది. అంటూనే పెద్ద ముక్క ఇస్తుంది.

తర్వాత బిళ్లలుగా కోసి, స్పిరిట్‌లో వారాల తరబడి ఉంచి, చివర వింటర్‌గ్రీన్ నూనెలో వేస్తాను. కీళ్లనొప్పుల మందు వాసన వస్తుంది చూడు, అదే. ఆ నూనెలో మాంసం తాటిముంజలా స్వచ్ఛమైపోయి, నల్లని నాళాలు మాత్రం మిగులుతాయి. జబ్బులేని చోట పాలు ఊరే ప్రతి పాలగుత్తినీ ఒక ఉట్టి పట్టుకున్నట్టుంటుంది, అంత పొందికైన అల్లిక. బిడ్డకు పాలిచ్చే రొమ్ములో ఆ ఉట్టి ఇంకా ఒత్తుగా ఉంటుంది. కేన్సరులో చూస్తే తుపానుకు కొట్టుకొచ్చిన చేపల వల. ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఎటూ పోకుండా మధ్యలో ఆగిపోయే దారులు. కొన్నిచోట్ల గోడలు నిలవక సిరా బయటికి కారిపోతుంది. గడ్డ అంచున అంత గుమిగూడిన నాళాలు నడుమ అసలుండవు. అక్కడ నెత్తురందక చచ్చిన తెల్లని చోటు.

విసిగించాను. తమ్ముడి ఉత్తరాల్లో యూరియా ధర తప్ప ఇంకేమీ ఉండదు. పాలుతాగే చినబాబు పోయాక నువ్వెలా ఉన్నావో ఒక్కసారైనా రాయలేదు. నువ్వే రాయి.

పద్మకుమారి


పొందూరు,
28 జూన్ 1967

వదినకు తాయారు రాసుకున్నది,

నీ ఉత్తరం అత్తకి సదివి వినిపించినాను. "దాన్ని డాట్రీ సదివించింది ఆడోళ్ల రొమ్ములు ఊరగాయలెట్టడానికేటి" అని కొంగు నోటికడ్డం ఎట్టుకున్నాది. మళ్లీ రేతిరి తనే వచ్చి "ఆ ముంజలాగుంటాదన్న ముక్క మరోపాలి సదువే" అన్నాది. కూతురి గొప్ప వినాలని ఉంటాది గాని ఒప్పుకోదు.

నాను బాగానే ఉన్నాను. పక్కింటి లక్ష్మణమ్మ కాడ వడకడం నేర్సుకుంటన్నాను. వాలుగ సేప దవడతో దూది దువ్వుతారు ఇక్కడ, నీకు తెలుసు గదా. ఆ పళ్లు ఎంత సన్నంగా ఉంటాయో, దూదిలో నలకన్నది ఉండదు. నాను మొదట దువ్వినది సూసి "ఇది దూదేటే, పిల్లి పీకిన దిండు" అన్నాది లక్ష్మణమ్మ. ఇప్పుడు కొంచెం సాగుతన్నాది పోగు. సేతికి పనుంటే మనసు కాలీగా ఉండదు.

ఒకటడుగుతాను, నవ్వకు. పాలగడ్డ నీ అద్దంలో ఏలగ అగుపడతాది? నాకు ఎడం పక్క ఒకటున్నాది. గుంటడు పోయినాక కొన్నాళ్లకి సింతగింజంత తగిలినాది. ఇప్పుడు నిమ్మకాయంత ఉంటాది. నొప్పి నేదు. ఆడి పాలే తాగేవోళ్లు నేక గడ్డకట్టినాయి, మల్లెపూలు కడితే కరిగిపోతాయన్నాది అత్త. రోజూ కడతన్నాను. నీకు తెలిస్తాదని అడిగినాను, అంతే.

తాయారు


విజయనగరం,
1 జులై 1967

తాయారూ,

ఈ ఉత్తరం అందిన మర్నాడే పాసింజరెక్కు. తమ్ముణ్ణి వెంటబెట్టుకురా. స్టేషనుకు నేను వస్తాను.

ఆ గడ్డ వేలితో తోస్తే కదులుతోందా, కదలకుండా ఉందా? మీది చర్మం నారింజ తొక్కలా గుంటలు పడిందా? చనుమొన లోపలికి లాక్కుపోయిందా? చంకలో ఏమైనా తగులుతోందా? వీటికి జవాబులు రాయద్దు. వచ్చి చూపించు.

పూలు తీసేయి. అమ్మ మాట వినకు. తాగే బిడ్డ లేకపోతే పాలు వాటంతటవే ఇంకిపోతాయి. ఇన్నాళ్ల తర్వాత పెరుగుతూ పోవు.

పద్మ


పొందూరు,
16 జులై 1967

వదినకు,

కోపంగా రాసినావు. సర్కారు కాయితంలాగున్నాది. అత్తకి సదవనేదు.

ఊడుపులయినాక వస్తాను. కూలోళ్లు దొరకరు, అన్నాలొండి పొలానికంపడానికి నాను తప్ప ఎవులున్నారు. ఇది సాకని నువ్వంటావు. సాకే. అసలుది రాస్తాను, నీకే రాస్తాను.

గుంటడు పోయిన మర్నాటినుంచీ పాలు పడీవి వదినా. ఆడు నేడని వాటికి తెల్దు గదా. రైక తడిసిపోయీది. బిడ్డ పాలు తొక్కుడు పడకూడదని అత్త ఇత్తడి గలాసు ఇచ్చినాది. పిండి, ఊరవతల గెడ్డలో పారే నీళ్లల్లో కలిపొచ్చీదాన్ని. కుడి పక్క పాలన్నీ ఆలాగ గెడ్డకెల్లిపోనాయి. ఎడం పక్క ముందే ఆగిపోనాయి, గడ్డకట్టినాయి. ఆడి ఉయ్యాల ఎవులికో ఇచ్చీసినారు. ఆడి గుడ్డలు కాల్సీసినారు. ఫొటో తీయించనేదు. ఆడి కోసం నా ఒంట్లో పుట్టినది ఇంక ఇదొక్కటే ఉన్నాది. కరిగిపోతే పోనీ, దాని దారిన అది పోతాది. కత్తెట్టి తీయించుకోమంటే ఆడ్ని సేతులార ఒగ్గీసి పోగొట్టుకోడమే గదా.

మీ తమ్ముడికి సెప్పకు.

తాయారు


విజయనగరం,
20 జులై 1967

తాయారూ,

తమ్ముడికి రాశాను. నా మీద కోపం తెచ్చుకో, కానీ రా.

నీ ఉత్తరం చదివాను. నీకు చెప్పగలిగిన మాట ఏ పుస్తకంలోనూ లేదు. తెలిసిన మాట మాత్రం చెప్పగలను: అది పాలు కాదు. వాడిది కాదు. అది నీ నెత్తురు తాగి బతికేది, నిన్ను అడక్కుండానే. దాన్ని దాచుకుంటే వాణ్ణి దాచుకున్నట్టు కాదు.

ఆదివారానికల్లా నువ్వు రాకపోతే సోమవారం నేనే పొందూరులో దిగుతాను. అప్పుడు అమ్మకూ నాకూ జరిగే గొడవ వీధంతా వింటుంది.

పద్మ


విజయనగరం,
4 అక్టోబరు 1967

తాయారూ,

ఇంటికి క్షేమంగా చేరినట్టు తమ్ముడు కార్డు రాశాడు. దారిలో గరివిడి దగ్గర బండి ఆగిపోతే నువ్వు దిగి జామకాయలు కొన్నావట. సంతోషం.

కుట్లు బాగా మానాయి. నరసింగరావు గారు తృప్తిగా ఉన్నారు. చెయ్యి రోజూ గోడ మీద వేళ్లతో పైకి పాకించు, నేను చూపించినట్టు. బరువులు ఎత్తకు. దీపావళి వెళ్లాక విశాఖ తీసుకెళతాను. అక్కడ కరెంటు పెడతారు, అంటే కోసిన చోట కిరణాలు పట్టిస్తారు. నొప్పి ఉండదు. ఇది ముందుజాగ్రత్త, ఇంకేమీ కాదు.

నిన్ను థియేటరులోకి తీసుకుపోతుంటే "ఊరోళ్లవన్నీ సూసినావు, నాదీ సూసీ వదినా, దాసుకుంటానేటి" అన్నావు. నర్సులు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. చూస్తున్నాను. ఇంకా స్పిరిట్‌లోనే ఉంది.

అమ్మ చేతి ములక్కాడల పులుసు తిను. నెత్తురు పట్టాలి నీకు.

పద్మ


పొందూరు,
19 నవంబరు 1967

వదినకు,

దీపావళి ఎల్లిపోనాది. కరెంటుకి రానేదని మీ తమ్ముణ్ణి తిట్టకు. నానే రానన్నాను. కోతలున్నాయి, అదొకటి. ఎల్తే నెలరోజులు అక్కడే ఉండాలంట, అదొకటి.

ఎడం సెయ్యి వాసిపోయి అరటి బోదెలాగున్నాది. పోగు లాగడానికి ఆ సెయ్యే గదా పైకెత్తాలి. ఎత్తబోతే సగంలో ఆగిపోతాది, పోగు తెగిపోతాది. లక్ష్మణమ్మ నా రాట్నం గోడవార ఎట్టీసినాది. రైకలో దూది ఎట్టుకోమని ఇచ్చినాది మళ్లీ. "ఊరూరూ పొందూరు దూదని ఎగబడి కొంటారే, నీకు ఉత్తినే ఇస్తన్నాను, గీర పో" అన్నాది. నవ్వినాను. ఇద్దరం నవ్వినాం. తరవాత అది కళ్లు తుడుసుకున్నాది.

ఇప్పుడు అసలుది. నువ్వు నాది కోసి సూసినావు గదా. పాలు కాదని ముందే సెప్పీసినావు. అప్పుడు నువ్వు సూడనేదు, సూడకుండా సెప్పినావు. ఇప్పుడు సూసినావు. ఆడి పాలు అందులో ఒక్క సుక్కన్నా ఉన్నాయేటి? జబ్బు సంగతి అడగడం నేదు. అది నాకు అక్కర్నేదు, అది నీ మొకం సూసి తెలుసుకున్నాను ఆస్పత్రిలోనే. ఇదొక్కటీ సెప్పు.

ఉంటే ఆ ముక్క నాకిచ్చీ. నానే పట్టుకెల్లి గెడ్డలో కలుపుతాను. సగం పాలు నీళ్లలోనూ, సగం నీ సీసాలోనూ ఉండకూడదు. ఆడికి ఒకచోటుండాలి.

తాయారు


విజయనగరం,
27 నవంబరు 1967

తాయారూ,

ముక్కలు ఇంకా తయారు కాలేదు. ఇవి తొందరపడితే పాడైపోతాయి.

కరెంటు విషయం మళ్లీ రాస్తున్నాను. కోతలు అవ్వగానే విశాఖ వెళ్లాలి. తమ్ముడికి వేరేగా రాశాను. చేతిని రాత్రిళ్లు దిండు మీద ఎత్తుగా పెట్టుకో. ఉప్పు తగ్గించు.

చలి మొదలయింది. గురమ్మ "ఈ రోజుల్లో ఐసెవులికమ్మా, నీకూ నా సేపలకీ తప్ప" అంటోంది.

పద్మ


పొందూరు,
20 ఫిబ్రవరి 1968

వదినకు,

అచ్చరాలు వంకరగా వస్తన్నాయి, పడుకుని రాస్తన్నాను. నడుం నొప్పి. నీళ్లబిందె ఎత్తినానని అత్త ఉప్పుకాపడం ఎడతన్నాది. నీకు రాయకూడదనుకున్నాను. మీ తమ్ముడు ఏలాగూ రాసీస్తాడు, అందుకే నానే రాస్తన్నాను.

అత్త ఇప్పుడు నాకాడ ఎక్కువ మాటాడదు. మల్లెపూలమ్మి వస్తే తలుపేసీసినాది. నాను "పాపం, అమ్ముకోడానికొచ్చినాది, మూర కొనొచ్చు గదా" అంటే వంటింట్లోకెల్లిపోనాది. నువ్వు ఆవిడకి ఉత్తరం రాస్తే ఏమీ అనకు. ఆవిడ సెప్పినాదని నాను కట్టనేదు. కట్టాలని ఉండి కట్టినాను.

ముక్కలు తయారవనేదన్నావు. వరికోతలయినాయి, నూర్పులయినాయి, పెసలు కూడా ఏరీసినారు. నీ ముక్కలు ఇంకా తయారవనేదేటి. నువ్వు సిన్నప్పటినుంచీ అబద్దమాడలేవంట, నోరు మూసుకుని కూకుంటావంట. మీ తమ్ముడు సెప్పినాడు.

ఉన్నాయంటే ఉన్నాయని రాయి. నేవంటే నేవని రాయి. నాకు రెండూ ఒకటే కాదు, గాని ఏదో ఒకటి తెలిస్తే పడుకుంటాను.

తాయారు


విజయనగరం,
3 మార్చి 1968

తాయారూ,

నీ నడుం నొప్పి బిందె ఎత్తడం వల్ల వచ్చింది కాదు. కాపడం పెడితే హాయిగా ఉంటే పెట్టించుకో, తగ్గుతుందని మాత్రం అనుకోకు. ఆపరేషనునాడే నీ చంకలోని గ్రంథుల్లో కూడా జబ్బు కనిపించింది. "ముందుజాగ్రత్త" అని రాశాను. నువ్వు నా మొహం చూసి తెలుసుకున్నానన్నావు కనుక ఇక దాచడం దండగ. ఇప్పుడు విశాఖ వెళితే నొప్పి కొంత తగ్గించగలరు. అంతకు మించి ఏమీ చేయలేరని నరసింగరావు గారన్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. వెళతావో లేదో నువ్వే చెప్పు. ఈసారి తమ్ముడికి రాయను.

నువ్వడిగినదానికి జవాబు.

ముక్కలు జనవరిలోనే తయారయ్యాయి. గడ్డ నేను ఎప్పుడూ చూసేటటువంటిదే. చిక్కుపడిన నాళాలు, కారిపోయిన సిరా, నడుమ తెల్లని చోటు. అందులో పాలు లేవు. ఇది ఖాయంగా చెప్పగలను. ఇక్కడితో ఉత్తరం ముగించగలిగితే బాగుండేది.

కానీ ఒక ముక్కలో, గడ్డకు ఆనుకుని, అంచున, ఒక పాలగుత్తి ఉంది. మిగతా గుత్తులన్నీ పాలు మానిన రొమ్ములో ఉండేలాగే ముడుచుకుపోయాయి. ఇదొక్కటే విచ్చుకుని ఉంది. దాని చుట్టూ ఉట్టి చెదరలేదు. ఒత్తుగా, నిండుగా, పాలిచ్చే తల్లి రొమ్ములో ఉన్నట్టే ఉంది. దాన్ని మైనంలో పోసి, పల్చగా కోసి, రంగు వేసి చూశాను. గుత్తి లోపల ఏదో నిలిచి ఉంది. గులాబి రంగు పట్టింది. దాని నిండా గుండ్రని ఖాళీలున్నాయి, బొట్లు ఉండి పోయిన జాగాల్లా.

అది పాలైతే ఆ ఖాళీల్లో ఉండేది వెన్న. వెన్నకు వేరే రంగు ఉంది, వేస్తే ఎర్రగా పట్టుకుంటుంది, సందేహం ఉండదు. కానీ నాళాలు కనబడడానికి నేను ముక్కని స్పిరిట్‌లో నానబెట్టాను, నూనెలో వేశాను. ఆ రెండూ ఒంట్లోని కొవ్వునంతా కడిగేస్తాయి. అందుకే అది ముంజలా స్వచ్ఛమవుతుంది. ఏదైతే ఉంటే నీకు గట్టిగా జవాబు చెప్పగలిగేదాన్నో దాన్ని నా పనే కడిగేసింది. ఆ గుత్తి మరో ముక్కలోకి సాగలేదు. కొవ్వును కడగని ఫార్మలిన్‌లో విడిగా దాచిన ముక్కలన్నీ మళ్లీ కోసి వెతికాను. లేదు.

బిడ్డ లేని ఆడవాళ్లలో కూడా ఎక్కడో ఒక గుత్తి ఇలా ఉబ్బి కనబడడం కద్దు. పుస్తకాల్లో ఉంది, నేనూ ఒకటి రెండు చూశాను. గడ్డ తన కోసం పిలుచుకున్న నెత్తురు పక్కనున్న గుత్తికి కూడా పారి దాన్ని అలా లేపి ఉండవచ్చు. లేదూ, వాడి కోసం వచ్చిన నెత్తురు, వాడు పోయినా వెనక్కు తిరగక, ఆ ఒక్క గుత్తి దగ్గర నిలిచిపోయి ఉండవచ్చు. రెండూ అద్దం కింద ఒక్కలాగే ఉంటాయి. నరసింగరావు గారికి చూపించాను. "దీనివల్ల వైద్యంలో తేడా ఏముందమ్మా" అన్నారు. లేదు. అందుకే ఆయనకు ఇంకేమీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్న "ఉన్నాయి" అని కార్డు రాశాను. పోస్టు చెయ్యలేదు. నీకు ఊరట అని కదా రాశాను, నిజమని కాదు. ఇంకోరోజు "లేవు" అని రాయబోయాను. అది కూడా నిజం కాదు, నా చదువుకు ఊరట. ఉన్నాయంటే నువ్వు గెడ్డకు వెళతావు, నడవలేకపోయినా వెళతావు. లేవంటే గోడవైపు తిరిగి పడుకుంటావు. ఈ రెంటిలో నీకు ఏది మేలో తేల్చడానికి నేనెవర్ని? అయినా తేల్చవలసింది నేనే అయి కూర్చుంది, ఎందుకంటే చూసింది నేనొక్కదాన్ని.

అమ్మకు నేను ఏమీ అనను. ఆవిడ కూడా ఎవరినో నమ్మింది.

ఆదివారం పాసింజరుకు వస్తున్నాను. నీ దగ్గర కొన్నాళ్లుంటాను. నొప్పికి సూదిమందు తెస్తున్నాను, రాత్రిళ్లు పడుకోగలుగుతావు.

ఆ ముక్క చిన్నది, గోరంత. నా బల్ల మీద గాజు మూత కింద ఉంది. అది పాలో కాదో నాకు తెలియదు తాయారూ. ఇక తెలియబోదు కూడా. తెలియనిదాన్ని నీ చేతిలో పెట్టవచ్చునా, పెట్టకుండా ఉండవచ్చునా అన్నది ఈ ఉత్తరం అయిపోయేలోగా తేలుతుందనుకున్నాను. తేలలేదు. ఆదివారం నా సంచిలో అది ఉంటుందో లేదో నేనిప్పుడు చెప్పలేను.

పద్మ